ఫోన్ ఒకటే, ఫొటోలు మూడు రకాలు: కెమెరా యాప్ లోపల ఏం జరుగుతుంది?

ఫంక్షన్ హాల్లో స్టేజీ మీద పెళ్లికూతురు కూర్చుని ఉంది. చెంపలకు పసుపు, నుదుట కుంకుమ, ఎర్ర పట్టుచీర, వెనకాల పూల డెకరేషన్ మీద ఊదారంగు ఎల్‌ఈడీ లైట్లు. ఇరవై వేల లోపు ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి పట్టుకుని, నిలబడ్డ చోటు నుంచి కదలకుండా మూడు వేర్వేరు యాప్‌లతో ఫొటో తీస్తే చాలాసార్లు జరిగేది ఇదీ. ఫోన్‌తో వచ్చిన కెమెరాలో ముఖం తెల్లగా, నున్నగా, పౌడర్ దట్టించినట్టు వస్తుంది, పసుపు ఉందా లేదా అని వెతుక్కోవాలి. జీక్యామ్ అని అందరూ పిలిచే గూగుల్ కెమెరా పోర్ట్‌లో (గూగుల్ సొంత పిక్సెల్ ఫోన్ల యాప్‌ని వేరే ఫోన్లలో నడిచేలా మార్చినది) ముఖం రంగు కంటికి కనిపించినదానికి దగ్గరగా ఉంటుంది, జరీ గీతలు విడివిడిగా తెలుస్తాయి, కానీ ఫొటో మొత్తం కాస్త చీకటిగా ఉందే అనిపిస్తుంది. ఓపెన్ కెమెరా అనే ఇంకో యాప్‌లో తీస్తే చెంపల మీద ఇసుక చల్లినట్టు చుక్కలు, వెనక లైట్లన్నీ తెల్లటి ముద్దలు. లెన్స్ మారలేదు, వెలుతురుని పట్టే చిప్, అంటే సెన్సర్ మారలేదు, వెలుతురూ మారలేదు.

"ఈ యాప్ వేసుకుంటే మీ ఫోన్ డీఎస్‌ఎల్‌ఆర్ అయిపోతుంది" అని థంబ్‌నెయిల్ పెట్టే వీడియోలు చూసి నవ్వుకోవచ్చు. యాప్ వేసినంత మాత్రాన లెన్స్ పెద్దదైపోదు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. మామూలు ఫోన్‌లో ఉండే సెన్సర్ చిటికెనవేలి గోరు కన్నా చిన్నది. ఆ తేడాని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా పూడ్చలేదు. అయినా పై మూడు ఫొటోల మధ్య తేడా మాత్రం నిజం. ఎందుకంటే యాప్ చేతిలో మూడు నిర్ణయాలున్నాయి: ఎన్ని ఫ్రేములు (ఒక్క క్లిక్‌కి లోపల తీసే విడి విడి ఫొటోలు) తీయాలి, వాటిని ఎలా కలపాలి, కలిపాక చూసేవాళ్లకి ఎలా కనిపించేలా తేల్చాలి. మొదటి రెండూ ఇంజినీరింగ్. మూడోది అచ్చంగా అభిరుచి. మనలో చాలామంది మూడోదాన్ని చూసి మొదటి రెండింటికి మార్కులేస్తాం, గొడవంతా అక్కడే.

సెన్సర్ నుంచి వచ్చేది ఫొటో అని చెప్పడానికి లేదు. సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ ముందు ఒక్కో రంగు ఫిల్టర్ ఉంటుంది, ఎరుపో, ఆకుపచ్చో, నీలమో. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరుతో 1976లో పేటెంట్ వచ్చిన అమరిక ఇది. అందులో సగం పిక్సెళ్లు ఆకుపచ్చవే, మన కన్ను వెలుగునీడల తేడాని ఆ రంగులోనే బాగా పట్టుకుంటుంది గనక. అంటే ప్రతి పిక్సెల్‌కి మూడు రంగుల్లో ఒకటే తెలుసు, మిగతా రెండూ పక్కవాటిని చూసి ఊహించుకోవాలి. ఆ తర్వాత తెలుపు ఏదో తేల్చాలి, నాయిస్ (ఇసుక చల్లినట్టు పడే చుక్కలు) తగ్గించాలి, చీకటి భాగాలు పైకి లేపాలి, వెలుగు భాగాలు కిందికి దించాలి, అంచులు పదును పెట్టాలి, చివరికి 8 బిట్ల జేపెగ్‌లోకి కుదించాలి. ఇన్ని మెట్లలో ఎక్కడ కొంచెం అటూఇటూ అయినా ఫొటో మారిపోతుంది. ప్రాసెసింగ్ అస్సలు లేని ఫొటో అంటూ ఎక్కడా లేదు, ఎంత చేశారు, ఎవరి ఇష్టానికి చేశారు అన్నదే తేడా.

డబ్బా మీద రాసే 50, 108, 200 మెగాపిక్సెళ్ల సంగతీ ఇక్కడే తేల్చేయొచ్చు. ఆ సెన్సర్లలో నాలుగేసి, తొమ్మిదేసి, పదహారేసి పిక్సెళ్లు ఒకే రంగు ఫిల్టర్ కింద గుంపుగా ఉంటాయి, మామూలుగా తీస్తే గుంపంతా ఒక పిక్సెల్‌గా లెక్కలోకి వచ్చి ఫొటో 12 మెగాపిక్సెళ్ల దగ్గర తేలుతుంది. బయటి యాప్‌లకి చాలా ఫోన్లలో దొరికేది ఈ 12 మాత్రమే. కాబట్టి మధ్యాహ్నం ఎండలో, కదలని బిల్డింగ్‌నో కొండనో తీసేటప్పుడు కంపెనీ యాప్‌లోని 50 మెగాపిక్సెల్ మోడ్ జీక్యామ్ కన్నా ఎక్కువ వివరం చూపించవచ్చు. సాయంత్రం ఆరు దాటాక ఆ మోడ్ జోలికి పోకపోవడమే మంచిది.

జీక్యామ్‌కి అంత పేరు ఎలా వచ్చింది

గూగుల్ హెచ్‌డీఆర్ ప్లస్ పద్ధతి 2013 నాటి నెక్సస్ 5 ఫోన్ దగ్గర మొదలై, 2016లో వచ్చిన మొదటి పిక్సెల్ ఫోన్‌తో అందరి నోళ్లలో పడింది. అదే ఏడాది దాని వెనకున్న పరిశోధన పత్రాన్ని కూడా గూగుల్ బయటపెట్టింది. ఆ బృందానికి నాయకుడు స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ లెవోయ్. అప్పటిదాకా హెచ్‌డీఆర్ (వెలుగునీ చీకటినీ ఒకే ఫొటోలో పట్టే పద్ధతి) అంటే ఒకటి చీకటిగా, ఒకటి మధ్యస్థంగా, ఒకటి వెలుగుగా తీసి మూడింటినీ అతికించడం. చేయి కాస్త కదిలినా, చెట్టు ఊగినా దెయ్యాల్లాంటి నీడలు వచ్చేవి. హెచ్‌డీఆర్ ప్లస్ దీన్ని తిరగేసింది. అన్ని ఫ్రేములూ ఒకే ఎక్స్‌పోజర్‌తో, అంటే సెన్సర్‌కి ఒకే మోతాదు వెలుతురు ఇచ్చి, అదీ కావాలని తక్కువ వెలుతురుతో తీస్తుంది. వెలుగు భాగం తెల్లగా కాలిపోతే అందులో ఇంకేమీ మిగలదు, ఎంత లాగినా తిరిగి రాదు. చీకటి భాగంలో మాత్రం సమాచారం ఉంటుంది, కాకపోతే నాయిస్‌లో మునిగి ఉంటుంది. నాయిస్‌ని తగ్గించడానికి ఓ పాత చిట్కా ఉంది: ఒకే దృశ్యాన్ని పదే పదే తీసి సగటు చూడటం. దృశ్యం ప్రతి ఫ్రేమ్‌లోనూ ఉన్నచోటే ఉంటుంది, నాయిస్ మాత్రం ఒక్కో ఫ్రేమ్‌లో ఒక్కోచోట పడుతుంది, కలిపితే అది దానికదే కొట్టుకుపోతుంది. లెక్క ప్రకారం నాలుగు ఫ్రేములు కలిపితే నాయిస్ సగమవుతుంది, తొమ్మిది కలిపితే మూడో వంతు. అంటే మళ్లీ సగం చేయాలంటే నాలుగు రెట్లు ఫ్రేములు కావాలన్నమాట, లాభం రానురాను పలచబడుతుంది.

ఇంకో చిన్న మాయ కూడా ఉంది. కెమెరా తెరిచి ఉన్నంతసేపూ ఫ్రేములు వస్తూ, పాతవి పోతూ ఉంటాయి. షట్టర్ నొక్కగానే యాప్ అప్పటికే చేతిలో ఉన్నవాటిని తీసుకుంటుంది. అందుకే పిల్లాడు నవ్విన క్షణం దొరుకుతుంది, నవ్వు అయిపోయాక తీసిన ఫొటో మిగలదు.

కలపడం చెప్పినంత తేలిక కాదు. చేయి వణుకుతుంది, పిల్లాడు పరిగెడతాడు. అందుకని ఫ్రేమ్‌ని చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కనీ ఆధారంగా ఎంచుకున్న ఒక ఫ్రేమ్‌తో జత కుదిరేదాకా జరిపి చూస్తుంది, కుదరని ముక్కని వదిలేస్తుంది. జీక్యామ్ ఫొటోని పెద్దది చేసి చూస్తే గోడ నున్నగా ఉండి, ఊగుతున్న చేయి మాత్రం గరుగ్గా కనిపించడానికి కారణం ఇదే: గోడకి ఎనిమిది ఫ్రేములు పనికొచ్చాయి, చేతికి ఒక్కటే దొరికింది. అది లోపమేమీ కాదు. అబద్ధం చెప్పి ఆరు వేళ్లు చూపించడం కన్నా ఈ గరుకుతనం నయం.

2018 నవంబర్‌లో వచ్చిన నైట్ సైట్ ఇదే ఆలోచనని సాగదీసింది. చేత్తో పట్టుకుంటే సెకనులో 15వ వంతు చొప్పున 15 ఫ్రేములు దాకా, ఫోన్ కదలకుండా ఎక్కడైనా ఆనించి ఉందని పసిగడితే ఒక్కో సెకను చొప్పున 6 ఫ్రేములు. మరుసటి ఏడాది పిక్సెల్ 4లో నక్షత్రాల కోసం 16 సెకన్ల చొప్పున 15 ఫ్రేములు, మొత్తం నాలుగు నిమిషాలు. వణికే చేతినే వాడుకున్న పద్ధతి కూడా ఒకటుంది, పిక్సెల్ 3లోని సూపర్ రెస్ జూమ్. చేయి పిక్సెల్‌లో కొంత భాగం మేర కదిలినప్పుడల్లా సెన్సర్ దృశ్యాన్ని కాస్త పక్క నుంచి చూస్తుంది కదా, ఆ ఫ్రేములన్నీ కలిపితే ఒక్కో చోట మూడు రంగులూ నిజంగానే దొరుకుతాయి, పక్కవాటిని చూసి ఊహించాల్సిన పని తగ్గుతుంది. లోపం అనుకున్నదాన్నే ఇలా పనికి పెట్టడం ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ముచ్చటైన భాగం.

పిక్సెల్ 2 నుంచి పిక్సెల్ 5 దాకా, అంటే 2017 నుంచి 2020 వరకు, గూగుల్ మెయిన్ కెమెరాకి దాదాపు ఒకే తరహా 12.2 మెగాపిక్సెల్ సెన్సర్‌తో నెట్టుకొచ్చింది. ఏటేటా ఫొటోలు మెరుగుపడుతూనే వచ్చాయి. సాఫ్ట్‌వేర్ ఎంత చేయగలదో చూపించడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

పక్కింటి తాళంచెవి

మన దగ్గర జీక్యామ్ పిచ్చి ముదిరింది షావోమీ ఫోన్లతో. 2017 నాటి మి ఏ1లో ముందు రూట్ చేసి (ఫోన్ సాఫ్ట్‌వేర్‌కి కంపెనీ వేసిన తాళం తీసి) ఒక సెట్టింగ్ మారిస్తే గానీ జీక్యామ్ పనిచేసేది కాదు, అయినా ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లలో ఆ పని చేసిపెట్టేవాళ్లకి కొదవ ఉండేది కాదు. 2018 ఆగస్టులో పోకో ఎఫ్1 వచ్చింది. దాని మెయిన్ కెమెరా సెన్సర్, పిక్సెల్ 3లో వాడిన సెన్సర్ ఒకటే, సోనీ ఐఎంఎక్స్ 363. కంపెనీ యాప్‌లో సాధారణంగా వచ్చే ఫోన్, జీక్యామ్ వేయగానే దాని ధరకి మూడు రెట్లు పెట్టి కొనే ఫోన్ పక్కన నిలబడేది. ఆ ఒక్క ఉదాహరణ చూసి "జీక్యామ్ ఏ ఫోన్‌కైనా దివ్యౌషధం" అన్న నమ్మకం పాకింది. అక్కడే తప్పులో కాలేశారు.

గూగుల్ కెమెరా పిక్సెల్ కోసం రాసింది. పోర్ట్ చేసేవాళ్లు దాన్ని విప్పి, వేరే ఫోన్లలో నడిచేలా మార్చి వదులుతారు. బీఎస్‌జీ, ఎల్‌ఎంసీ లాంటి పేర్లతో తిరిగేవి అవే. నడవడం వేరు, కుదరడం వేరు. ప్రతి సెన్సర్‌కీ ఎంత వెలుతురులో ఎంత నాయిస్ వస్తుందో చెప్పే లెక్క ఒకటుంటుంది. నాయిస్ తగ్గించే భాగం దాన్ని నమ్ముకునే పనిచేస్తుంది. ఫోన్ సెన్సర్ ఒకటి, యాప్ దగ్గరున్న లెక్క ఇంకోదానిదీ అయితే, పక్కింటి తాళంచెవితో మనింటి తలుపు తీసినట్టే. నాయిస్ నిజంగా ఉన్నదానికన్నా ఎక్కువ అనుకుంటే జుట్టు, గడ్డి, చీర నేత అన్నీ వాటర్‌కలర్ బొమ్మలా అలికేస్తుంది, తక్కువ అనుకుంటే చుక్కలన్నీ వదిలేస్తుంది. నలుపు ఎక్కడ మొదలవుతుందో చెప్పే అంకె తప్పితే నీడల్లో ఆకుపచ్చో గులాబీయో తేలుతుంది. రాత్రి ఫొటోల్లో ఆకాశం ఊదాగా వస్తోందని ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

ఈ అంకెలన్నీ చేత్తో దిద్ది, ఒక్కో ఫోన్ మోడల్‌కీ విడిగా కాన్ఫిగ్ ఫైల్ తయారుచేసేవాళ్లున్నారు. టెలిగ్రామ్‌లో తిరిగే ఆ ఫైళ్లలో కొన్ని నిజంగా ఓపిగ్గా పరీక్షించి చేసినవి, కొన్ని రంగులు దట్టించి "సినిమాటిక్" అని పేరు పెట్టినవి. ఒకే జీక్యామ్, ఒకే ఫోన్, రెండు కాన్ఫిగ్‌లు పెడితే రెండు వేర్వేరు యాప్‌ల్లా ప్రవర్తిస్తాయి. అలాంటప్పుడు "జీక్యామ్ వర్సెస్ స్టాక్ (ఫోన్‌తో వచ్చిన యాప్)" అని పోల్చడానికి అర్థమేముంది, ఏ కాన్ఫిగ్ అని ముందు అడగాలి.

ఇంకో అడ్డంకి తలుపుది. ఆండ్రాయిడ్ 5.0తో 2014లో వచ్చిన కెమెరా2 అనే ఏర్పాటు ద్వారా బయటి యాప్‌లు సెన్సర్‌ని అడిగి పనులు చేయించుకుంటాయి. ఫోన్ తయారుచేసినవాళ్లు ఆ తలుపు ఎంత తెరవాలో వాళ్లిష్టం: లెగసీ, లిమిటెడ్, ఫుల్, లెవెల్ 3 అని మెట్లున్నాయి. లెగసీ దగ్గర ఆగిపోయిన ఫోన్‌లో మాన్యువల్ షట్టర్ కూడా రాదు. పైమెట్టులో ఉన్న ఫోన్లలోనూ అల్ట్రావైడ్, టెలిఫొటో లెన్స్‌లని బయటి యాప్‌లకి కనిపించకుండా దాచిపెట్టే కంపెనీలున్నాయి. కంపెనీ సొంత యాప్‌కి అలాంటి అడ్డేమీ లేదు, ఫోన్ ప్రాసెసర్‌లో ఫొటోల కోసమే ఉన్న విభాగాన్ని, ఆ సెన్సర్‌కే కొలిచి పెట్టిన అంకెల్ని నేరుగా వాడుకుంటుంది. అంత వెసులుబాటు ఉండి కూడా జీక్యామ్ చేతిలో ఓడిపోతోందంటే ఆ కంపెనీ అభిరుచి బాగాలేదని, లేదా ఆ ధరలో ఫోన్‌కి ట్యూనింగ్ మీద పెద్దగా ఖర్చుపెట్టలేదని అర్థం. ఖరీదైన ఫోన్లలో పరిస్థితి తిరగబడటానికి కారణం కూడా అదే. ఇప్పుడు అరవై, డెబ్బై వేలు పెట్టి కొన్న ఫోన్‌లో పోర్ట్ వేసి లాభపడేవాళ్లు తక్కువ.

యాప్ ఇన్‌స్టాల్ ఫైల్, అంటే ఏపీకే ఎక్కడినుంచి దించుకుంటున్నారో చూసుకోవాలన్నది పాత మాటే అయినా మళ్లీ అనాలి: కెమెరా, మైకు, లొకేషన్, గ్యాలరీ అనుమతులన్నీ అడిగే యాప్ అది.

ఒక్క ఫ్రేమ్ వాళ్లు

ఓపెన్ కెమెరా ఉచితం, ప్రకటనలుండవు, సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. దాన్ని ఆటోలో పెట్టి తీసి "నాయిస్ వస్తోంది" అనడం పాపం దానికి అన్యాయం చేయడమే. అది మామూలుగా ఒక ఫ్రేమ్‌ని తీసి, ఫోన్ ప్రాసెసర్ ఎలా ఇస్తే అలా భద్రపరుస్తుంది. నాయిస్ తగ్గించే మోడ్, హెచ్‌డీఆర్ మోడ్ విడిగా ఉన్నాయి గానీ వాటి బలం గూగుల్ పద్ధతికి రాదు. దాని ఉపయోగం వేరే చోట ఉంది: షట్టర్ (వెలుతురు ఎంతసేపు అందాలి), ఐఎస్‌ఓ (దాన్ని ఎంత పెంచి చూపాలి), ఫోకస్, తెలుపు అన్నీ చేతిలో ఉంటాయి.

ఉదాహరణకి స్టేజీ మీద లైట్లు, కొట్లో ట్యూబులైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి పాతరకం ట్యూబులైట్లు, చవకరకం ఎల్‌ఈడీలు సెకనుకి 100 సార్లు వెలుగు పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. ఫోన్ సెన్సర్ ఫొటోని ఒక్కసారిగా చదవదు, పై వరస నుంచి కింది వరసకి చదువుకుంటూ వస్తుంది. షట్టర్ వేగం ఎక్కువైతే ఒక వరసకి వెలుతురు, ఇంకో వరసకి చీకటి దొరికి అడ్డంగా చారలు పడతాయి. షట్టర్‌ని 1/100 సెకను దగ్గరో 1/50 సెకను దగ్గరో బిగిస్తే చారలు పోతాయి. అమెరికాలో ఉన్నవాళ్లకి ఇదే 1/120, 1/60 అవుతుంది, అక్కడ కరెంటు 60 హెర్ట్జ్ గనక. అక్కడ కొన్న ఫోన్‌లో ఫ్లికర్ సెట్టింగ్ ఆటోలో లేకుండా 60కి పెట్టి ఉంటే ఇక్కడి ఫంక్షన్ హాల్లో చారలు రావచ్చు. ఈ పని ఆటో యాప్‌లు చాలావరకు బాగానే చేస్తాయి, చేయనప్పుడు మాన్యువల్ తప్ప దారి లేదు.

రా ఫైల్ (రంగులు, మెరుగులు పెట్టకముందు సెన్సర్ ఇచ్చిన సమాచారం) కూడా ఓపెన్ కెమెరా ఇస్తుంది, 12 మెగాపిక్సెళ్లకి దాదాపు 25 ఎంబీ. కూర్చుని ఎడిట్ చేసే అలవాటు లేనివాళ్లకి అది స్టోరేజీ దండగ.

ఐఫోన్ వైపు లెక్క వేరు. అక్కడ బయటి యాప్‌లు కూడా ఆపిల్ సొంత ప్రాసెసింగ్‌ని అడిగి తీసుకోవచ్చు. ఫ్రేములు కలిపే డీప్ ఫ్యూజన్ లాంటివి ఆపిల్ యాప్‌కే పరిమితం కాదు. 2020 చివర్లో వచ్చిన ప్రోరా అనే ఆపిల్ రా ఫైల్ కూడా అంతే. దానివల్ల ఒక విచిత్రం జరిగింది: ఆండ్రాయిడ్‌లో జనం ఎక్కువ ప్రాసెసింగ్ కోసం బయటి యాప్‌కి పోతుంటే, ఐఫోన్‌లో తక్కువ ప్రాసెసింగ్ కోసం పోతున్నారు. హాలైడ్ అనే యాప్ 2024 ఆగస్టులో ప్రాసెస్ జీరో అని ఒక మోడ్ తెచ్చింది. ఒకే ఒక్క రా ఫ్రేమ్, ఫ్రేములు కలపడం లేదు, ఏఐ లేదు. నీడలు నీడల్లానే ఉంటాయి, రాత్రయితే నాయిస్ ఉంటుంది, పట్టపగలు ఆకులు ఆకుల్లా కనిపిస్తాయి. డబ్బు కట్టి మరీ నాయిస్ కొనుక్కోవడం ఏమిటని నవ్వేవాళ్లున్నారు. కానీ ప్రతి నీడనీ పైకి లేపి, ప్రతి అంచుకీ పదును పెట్టి, సాయంత్రాన్ని కూడా మధ్యాహ్నంలా చూపించే ఫొటోలతో విసిగినవాళ్లకి ఆ మోడ్ ఊపిరి తీసుకున్నట్టుంది.

మార్క్ లెవోయ్ కథ ఇక్కడ మళ్లీ తగులుతుంది. 2020లో గూగుల్ వదిలి అడోబీకి వెళ్లిన ఆయన, 2025 జూన్‌లో అక్కడి బృందంతో కలిసి ప్రాజెక్ట్ ఇండిగో అనే ఉచిత యాప్ తెచ్చాడు, ముందుగా ఐఫోన్లకే. ఇది 32 ఫ్రేముల దాకా కలుపుతుంది, మామూలు యాప్‌ల కన్నా ఇంకా తక్కువ వెలుతురుతో తీస్తుంది. చివర్లో తేల్చడం మాత్రం మెత్తగా, పాత కెమెరా ఫొటోలా ఉండేలా తేలుస్తుంది. ఫ్రేములు ఎక్కువ, రంగుపూత తక్కువ. మొదట్లో చెప్పిన ఆ మూడు నిర్ణయాలు ఒకదానికొకటి కట్టేసి లేవని చూపించడానికి ఇంతకన్నా మంచి నమూనా దొరకదు. ఫోన్ వేడెక్కడం, ఒక్కో ఫొటో తయారవడానికి సెకన్లు పట్టడం దానికి చెల్లించే మూల్యం. పెళ్లి తంతు మధ్యలో దాన్ని వాడితే తలంబ్రాలు అయిపోతాయి, ఫొటో ఇంకా తిరుగుతూ ఉంటుంది.

చంద్రుడు, చర్మం

కలపడం ఎక్కడ ఆగి, కల్పన ఎక్కడ మొదలవుతుంది? 2023 మార్చిలో ఒక రెడిట్ యూజర్ చంద్రుడి ఫొటో తీసుకుని, దాన్ని 170 పిక్సెళ్లకి కుదించి, ఇంకా మసకబార్చి, కంప్యూటర్ తెర మీద పెట్టి, గది చీకటి చేసి, దూరం నుంచి శాంసంగ్ ఎస్23 అల్ట్రాతో జూమ్ చేసి తీశాడు. తెర మీద లేని గుంటలు, మరకలు ఫొటోలో వచ్చాయి. శాంసంగ్ వివరణ ఇచ్చింది: సీన్ ఆప్టిమైజర్ చంద్రుణ్ని గుర్తుపట్టి, చాలా ఫ్రేములు కలిపి, ఏఐతో వివరాలు మెరుగుపరుస్తుందని, వద్దనుకుంటే ఆపుకోవచ్చని. సెన్సర్‌కి అందిన వెలుతురులో లేని వివరం ఫైల్‌లోకి వచ్చింది కాబట్టి "మెరుగుపరచడం" అన్న మాట ఆ పనికి చాలదు. అదే శాంసంగ్ 2021లో తెచ్చిన ఎక్స్‌పర్ట్ రా అనే యాప్ మాత్రం చక్కని పనిముట్టు, చాలా ఫ్రేములు కలిపిన రా ఫైల్ ఇచ్చి మిగతాది వాడేవాళ్లకి వదిలేస్తుంది. ఒకే కంపెనీ, రెండు యాప్‌లు, రెండు ధర్మాలు.

చంద్రుడు ఎలా వచ్చినా పెద్దగా నష్టం లేదు. ముఖం సంగతి అలా కాదు. ఫిల్మ్ కాలంలో ల్యాబులు రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన షర్లీ కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్లటి అమ్మాయే ఉండేది. నల్లటి, చామనఛాయ ముఖాలు సరిగా రాకపోతే వెలుతురు సరిపోలేదనేవాళ్లు. ఆ జబ్బు డిజిటల్‌లోకీ వచ్చింది, వేరే రూపంలో. చవక ఫోన్ల ఫ్రంట్ కెమెరాల్లో బ్యూటీ అనే స్లైడర్ మొదటి నుంచీ సగం తెరిచే ఉంటుంది. చామనఛాయ పిల్ల గోధుమరంగులోకి, గోధుమరంగు పిల్ల పాలరంగులోకి. సున్నాకి తెచ్చినా కొన్ని ఫోన్లలో నునుపు పూర్తిగా పోదు, అది ప్రాసెసింగ్ లోపలే ఇంకిపోయి ఉంటుంది. గూగుల్ 2020లో పిక్సెల్ 4ఏ నుంచి ముఖానికి నునుపు పెట్టడం ముందే ఆపి ఉంచింది, 2021లో పిక్సెల్ 6తో రియల్ టోన్ అంటూ ముదురు చర్మాల రంగు, వెలుతురు సరిగా అంచనా వేసే పని మొదలుపెట్టింది. మరుసటి ఏడాది హార్వర్డ్ ప్రొఫెసర్ ఎలిస్ మంక్ రూపొందించిన పది మెట్ల చర్మపు రంగుల కొలబద్దని వాడుకలోకి తెచ్చింది. మన ఊళ్లలో జీక్యామ్ ఫొటోలు "సహజంగా" ఉన్నాయని ఎక్కువమంది అనేది నిజానికి ముఖాల గురించే, ఫ్రేముల లెక్క గురించి ఎవరికీ పట్టింపు లేదు. అదే ఫొటో చూసి "నల్లగా తీశావేంటి" అని తిట్టే పెద్దమ్మలూ ప్రతి ఇంట్లో ఉంటారు, కంపెనీలు స్లైడర్‌ని సగంలో పెట్టింది వాళ్ల కోసమే.

2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో బ్యూటీప్లస్ లాంటివి పోయాయి. వాటి పని ఆగలేదు, ఫోన్ కెమెరాల్లోనూ ఇన్‌స్టా ఫిల్టర్లలోనూ జరుగుతోంది.

పోల్చేటప్పుడు

రెండు యాప్‌లు పోల్చాలంటే ముందు లెన్స్ తుడవాలి. హాస్యం కాదు, వేలి జిడ్డు వల్ల లైట్ల చుట్టూ వచ్చే పొగని యాప్ మీదికి నెట్టేవాళ్లు చాలామంది. తర్వాత రెండింటిలోనూ బ్యూటీ, సీన్ గుర్తుపట్టే ఏఐ ఆపి, ఒకే చోట ఫోకస్ పెట్టి, ఒక్కోదానితో మూడేసి ఫొటోలు తీయాలి, ఒక్కటి తీసి తీర్పు చెప్పకూడదు. తీసిన వెంటనే చూపించే బొమ్మని నమ్మొద్దు, ప్రాసెసింగ్ ఇంకా నడుస్తూ ఉంటుంది. తీసిన ఫోన్‌లోనే కాకుండా ఇంకో తెర మీద కూడా చూడాలి, ఓఎల్‌ఈడీ తెర రంగులు పెంచి చూపే వివిడ్ సెట్టింగ్‌లో ఉంటే అన్ని ఫొటోలూ బ్రహ్మాండంగానే కనిపిస్తాయి.

అన్నిటికన్నా పెద్ద మోసం వెలుతురుది. పక్కపక్కన పెడితే కాస్త వెలుగుగా ఉన్న ఫొటోనే కంటికి బాగుంటుంది, అందరికీ. కాబట్టి చీకటిగా ఉన్నదాన్ని గ్యాలరీలో ఎడిట్ చేసి రెండింటినీ ఒకే వెలుగుకి తెచ్చి, అప్పుడు జూమ్ చేసి చూడాలి. ఎర్రచీర మడతలు కనిపిస్తున్నాయా, ఎరుపు అంతా ఒకే ముద్దయిందా? కుంకుమకి అంచు ఉందా? దూరంగా ఉన్న కొట్టు బోర్డు మీద అక్షరాల చుట్టూ తెల్లటి గీత ఉంటే షార్ప్‌నెస్ దట్టించారన్నమాట. తెలుగు అక్షరాల బోర్డయితే ఇంకా మంచి పరీక్ష: తలకట్లు, గుడులు, ఒత్తులు అలికేశాయా విడివిడిగా ఉన్నాయా అన్నది నాయిస్ తగ్గించే భాగం ఎంత మోటుగా పనిచేసిందో చెప్పేస్తుంది. బతుకమ్మ మీది తంగేడు పూలు, గునుగు పూలు కూడా అలాంటివే, పసుపు ఒక్క ముద్దగా వస్తే ఆ యాప్ రంగులు పెంచేస్తోందని తెలిసిపోతుంది.

వాట్సాప్, ఇన్‌స్టా, స్నాప్‌చాట్ లోపలుండే కెమెరాలని మాత్రం ఈ పోటీలోకి తేవక్కర్లేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వాటికి ఈ ఫ్రేములు కలిపే పనేదీ అందదు. 2018 ఫిబ్రవరిలో పిక్సెల్ 2లోని ప్రత్యేక చిప్ ద్వారా ఈ మూడు యాప్‌లకీ హెచ్‌డీఆర్ ప్లస్ ఇస్తున్నామని గూగుల్ పెద్ద కబురుగా ప్రకటించిందంటేనే మిగతా ఫోన్లలో పరిస్థితి ఏమిటో తెలుస్తుంది. ఆ తర్వాత ఇలాంటి సదుపాయాలు బయటి యాప్‌లకి అందించడానికి ఆండ్రాయిడ్‌లో ఎక్స్‌టెన్షన్స్ వచ్చాయి, వాటిని ఇవ్వడం ఫోన్ కంపెనీ చేతిలో, వాడుకోవడం యాప్ చేతిలో. ఇద్దరూ కలిసొచ్చిన ఫోన్లు ఇంకా అన్నీ కావు.

మంచి యాప్‌తో తీసిన ఫొటో కూడా చివరికి వెళ్లేది ఫ్యామిలీ గ్రూపుకే. అక్కడ మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి పడేస్తుంది. 2023 ఆగస్టులో వచ్చిన హెచ్‌డీ గుర్తు నొక్కితే కొంత నయం, డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. మూడు యాప్‌లు మార్చి, కాన్ఫిగ్ వెతికి, జరీ గీతలు విడివిడిగా పట్టుకున్న ఆ పెళ్లికూతురి ఫొటోని పంపేటప్పుడు కనీసం ఆ ఒక్క బటన్ నొక్కాలి.